ఏం కూర అని అడిగినందుకు

మేడ్చల్ కాలేజీ స్టాఫ్ రూమ్,
శుక్రవారం.

చిరంజీవి అన్వేష్‌కు అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ నాయినా ఒంటితో బాగానే ఉన్నాం. ఒంటితో అని ఎందుకు రాశానో చదువుతుంటే నీకే తెలుస్తుంది. నువ్వక్కడ వేళకు తింటున్నావనీ, నిద్ర సరిగ్గా పోతున్నావనీ అనుకుంటున్నాను.

నీ ఉత్తరం అందింది. పరుగులో పడి మోకాలు గీరుకుపోయిందన్నావు, మానిందా? సముద్రంలో ఈత ఉంటుందన్నావు కదా, పుండు మీద ఉప్పునీళ్లు పడితే మండుతుంది, డాక్టరుకు చూపించడానికి సిగ్గుపడకు. మీ నాయిన షుగర్ అదుపులోనే ఉంది. శామీర్‌పేట నుంచి మన ఊరికి తారు రోడ్డు వేశారా అని అడిగావు. వేశారు. పైపుల కోసం అప్పుడే తవ్వేశారు కూడా.

ఇక నువ్వు ఉత్తరంలో అడిగి, ఫోనులో మళ్లీ అడిగిన ప్రశ్న. అరుణ్ అన్న పెళ్లి బరాత్ వీడియో ఒక్కటి కూడా పంపలేదేమని. పోయిన ఆదివారం "వెతికి పంపిస్తాలే" అని దాటేశాను. మీ నేవీ శిక్షణలో వారానికోసారి ఇచ్చే ఆ కాస్త ఫోనులో, మీ నాయిన పక్కనే కూర్చుని వింటుండగా, చెప్పగలిగిన సంగతి కాదు. వీడియోలు నా ఫోనులోనే ఉన్నాయి. వాటిలో నీకు అన్న డాన్సు కనిపిస్తుంది. నాకు మీ పెద్దనాయిన ముఖం కనిపిస్తుంది.

మొదటి నుంచి చెబుతాను. పంద్రాగస్టు నాడు బడిలో జెండా ఎగరేశాక నన్ను మాట్లాడమన్నారు. అడిగింది మీ పెద్దనాయినే. ఊరి కమిటీకి ఆయనే పెద్ద కదా, "మన ఇంట్ల హిస్టరీ మేడం ఉండంగ బయటోళ్లెందుకు" అన్నాడు. నాకు సంతోషమే అయింది. సహాయ నిరాకరణ గురించి చెప్పాను. మనది నైజాం రాజ్యం, తెల్లవాళ్లు బొల్లారం కంటోన్మెంటులోనే ఉండేవాళ్లు కాబట్టి మన వైపు ఆ ఉద్యమం అంతగా వినపడలేదని చెప్పి, గుంటూరు వైపు పల్లెల గురించి చెప్పాను. పన్ను కట్టేది లేదన్నారు. కరణాలు, మునసబులు రాజీనామాలు రాసిచ్చారు. సర్కారు మనుషులు ఊళ్లోకి వస్తే పలకరించేవాళ్లు లేరు. "వాళ్లు చెయ్యి ఎత్తి ఎవరినీ కొట్టలేదు. చేతులు వెనక్కి తీసుకున్నారు, అంతే. మనం సాయం చేస్తున్నంత కాలమే ఎవడైనా మన మీద దొర. సాయం ఆపిన రోజు వాడు కూడా మామూలు మనిషే" అన్నాను. చప్పట్లు బాగా పడ్డాయి. మీ పెద్దనాయిన స్టేజీ మీదే, "మస్తు చెప్పినవమ్మా! గాంధీ తాత మన ఊర్లనే పుట్టినట్టు అనిపిచ్చింది" అన్నాడు. ఆ మాటకు నేను మురిసిపోయాను కూడా.

ఆ తరవాతి వారమే మీ పెద్దనాయిన ఇంట్లో అరుణ్ పెళ్లి. మన ఇళ్లలో పెళ్లికొడుకు ఊరేగింపు ముందు చాకలి సత్తయ్య దివిటీ పట్టుకుని నడిచేవాడు, నీకు గుర్తుండే ఉంటుంది. (రాస్తుంటే చూడు, పేరు ముందు కులం దానంతట అదే వచ్చి కూర్చుంది. కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ, నా చెయ్యి ఎట్లా అలవాటు పడిందో నువ్వూ చూడు.) సత్తయ్యకు ఇప్పుడు మోకాళ్ల నొప్పులు, ఎక్కువ దూరం నడవలేడు. కొడుకు బాలేష్ శామీర్‌పేట అపార్ట్‌మెంట్ల దగ్గర ఇస్త్రీ దుకాణం పెట్టుకున్నాడు, భార్య సుచిత్ర కూడా అక్కడే పని చేస్తుంది. బరాత్ సాయంత్రం మీ పెద్దనాయిన ఇంటి ముందు రెండు జనరేటర్లు, పందిరి నిండా లైట్లు, పట్టపగల్లా ఉంది. దివిటీ పట్టడానికి మాత్రం ఎవరూ రాలేదు. కబురు మీద కబురు పంపితే సుచిత్ర వచ్చింది.

"ఏందమ్మా, నీ మొగడేడి? ముహూర్తం దాటుతాంది" అన్నాడు మీ పెద్దనాయిన.

"మా ఆయన దివిటీ పట్టడు పటేలా. మామతోని జెప్పి పంపిన గదా."

"ఎందుకు పట్టడు? చేతుల్లేవా ఆనికి?"

"ఉన్నయి. ఇస్త్రీ పెట్టె పట్టనీకే సరిపోతున్నయి."

ఎవరో కిసుక్కున నవ్వారు. మీ పెద్దనాయినకు అది తగిలింది. "ఉత్తగ పట్టమంటున్ననా? పైసలిస్త. తాతల కాడికెల్లి వస్తున్న పద్ధతమ్మా ఇది."

"పైసల ముచ్చట గాదు పటేలా. చీకటున్నప్పుడు మా తాతలు పట్టిండ్రు. ఇప్పుడు గీ లైట్లల్ల మా ఆయన దివిటీ పట్టుకోని నడిస్తె ఎవలికి తొవ్వ కనవడాలె? ఒక పని జెయ్యుండ్రి. లైట్లన్నీ బంద్ జేయించుండ్రి. చీకటైనంక పిలువుండ్రి, ఆలోచన జేస్తం."

ఈసారి గట్టిగానే నవ్వారు, డీజే పిల్లలతో సహా. నాకూ నవ్వొచ్చింది, అక్షింతల పళ్లెం అడ్డం పెట్టుకున్నాను. అప్పుడు సుచిత్ర నా వైపు తిరిగింది. "మేడమే జెప్పింది గదా మొన్న పంద్రాగస్టు నాడు. సాయం ఆపినంక ఎవ్వలైనా మామూలు మనిషేనని." అందరూ నన్ను చూశారు. నేను పళ్లెంలో అక్షింతలు సర్దుకున్నాను. అందులో సర్దాల్సిందేమీ లేదు.

బరాత్ దివిటీ లేకుండానే నడిచింది. అరుణ్ గాని, వాడి స్నేహితులు గాని దాన్ని తలచుకున్న పాపాన పోలేదు. ఊరంతటిలో మీ పెద్దనాయిన ఒక్కడికే ఆ ఖాళీ కనిపించింది.

పెళ్లి సందడి తగ్గగానే కమిటీ కూర్చుంది. మర్నాడు ఆటో డ్రైవరు గండయ్య తన ఆటోకు మైకు కట్టి ఊరంతా తిరిగాడు. నేను కాలేజీకి బయలుదేరుతూ గేటు దగ్గర విన్నాను. "ఊరి పెద్దలకు, అక్కలకు, చెల్లెండ్లకు నమస్కారం. సత్తయ్య ఇంటి మీద మన ఊరు సహాయ నిరాకరణ పెట్టింది. ఎవ్వలు మాట్లాడొద్దు. ఎవ్వలు సామాన్లియ్యొద్దు. ఆటోల ఎక్కించుకోవద్దు. మాట్లాడినోళ్లకు దండుగ ఉంటది. తిట్టుడు లేదు, కొట్టుడు లేదు. అంత శాంతియుతం. గాంధీ తాత పద్ధతి." ఆ ముందు రోజే బస్టాపు దగ్గరున్న గాంధీ విగ్రహానికి దండ కూడా వేశారట. అందులో ప్రతి మాటా నా ఉపన్యాసంలోదే, అన్వేష్.

కిరాణా ఆగింది. ఆటో ఆగింది, రోజూ తెల్లారే ఇస్త్రీ మూటలు మోసుకుని మొగుడూ పెళ్లాం రాజీవ్ రహదారి దాకా నడుస్తున్నారు. కమిటీ నడిపే మంచినీళ్ల ప్లాంటుంది కదా, కార్డు పెడితే క్యాను నిండేది, అక్కడ సత్తయ్యను నా కళ్లతో చూశాను. కార్డు పెట్టాడు. మిషన్ మీద ఎర్ర లైటు వెలిగింది. కార్డును అంగీకి తుడిచి మళ్లీ పెట్టాడు. మళ్లీ ఎర్ర లైటే. వెనక లైనులో మనవాళ్లంతా ఉన్నారు. కార్డు ఖరాబు కాలేదని, ఆపేశారని చెప్పడానికి కూడా ఎవరికీ నోరు లేదు, చెబితే మాట్లాడినట్టవుతుంది కదా. ముసలాయన మూడోసారి తుడుస్తుంటే నేనూ చూస్తూ నిలబడ్డాను.

బాలేష్ పోలీసు స్టేషనుకు పోయాడు. "మీతోని మాట్లాడుతలేరని కేసు పెట్టాల్నా? రేపు నా పెండ్లాం మాట్లాడకపోతె నేనెవ్వలికి జెప్పుకోవాలె?" అని నవ్వి పంపించారట.

నేను మీ పెద్దనాయిన దగ్గరకు పోయాను. కోపంగా పోయాను, వాదన సిద్ధం చేసుకుని పోయాను. ఆయన నాకు చాయ్ తెప్పించాడు.

"ఇది అన్యాయం బావా" అన్నాను.

"నువ్వు జెప్పిందే గదమ్మా. మేం చెయ్యి లేపినమా? ఒక్క మాటన్నమా?"

"అది తెల్లవాడి మీద. వాడి దగ్గర తుపాకులున్నాయి, జైళ్లున్నాయి. సత్తయ్య దగ్గరేముంది?"

"సత్తిగాని కోడలి దగ్గర నోరుంది" అన్నాడు నవ్వుతూ. మళ్లీ నవ్వు ఆపి, "సూడమ్మా. సహాయ నిరాకరణ అంటె సాయం జెయ్యకపోవుడే గదా? ఆళ్లు మనకు సాయం జెయ్యం అన్నరు. సరే, మనం ఆళ్లకు జెయ్యం. లెక్క సమానమైంది. ఇందుల అన్యాయమేందో నువ్వే జెప్పు, సదువుకున్నదానివి."

ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నదాన్ని, చల్లారిన చాయ్ అక్కడే పెట్టి లేచి వచ్చేశాను, అన్వేష్. ఇంటికొచ్చాక తోచింది. ఆ మాటలోనే ఒక చోటు ఖాళీ ఉంది. సహాయం నిరాకరించాలి, సరే, ఎవరికి? ఆ సంగతి మాటలో లేదు. నా ఉపన్యాసంలోనూ నేను చెప్పలేదు, అందరికీ తెలిసిందే కదా అనుకున్నాను. మీ పెద్దనాయిన ఆ ఖాళీలో సత్తయ్య పేరు రాసుకున్నాడు. నెత్తి మీద ఉన్నవాడికి చెయ్యని సాయం వేరు, కాళ్ల కింద ఉన్నవాడికి చెయ్యని సాయం వేరు. మొదటిది తల ఎత్తడం, రెండోది తొక్కడం. చేతులు కట్టుకునే తొక్కుతున్నారు కాబట్టి శాంతియుతమట! కొట్టి ఉంటే నలుగురూ ఛీ అనేవాళ్లు. దండ వేసి మరీ కడుపు మాడుస్తుంటే ఏమనాలో ఎవరికీ తెలియడం లేదు.

అక్కడితో నా అనుమానం ఆగలేదు. ఆ ఉద్యమం రోజుల్లో కూడా సర్కారుతో కలిసినవాళ్లకు మంగలిని, చాకలిని ఆపిన ఊళ్లున్నాయి. నీళ్లు, వైద్యం ఆపడం అమానుషమని గాంధీయే హెచ్చరించాల్సి వచ్చింది. ఈ ఆయుధానికి పిడి ఎటో పదును ఎటో అప్పుడూ పూర్తిగా తెలియలేదేమో. అయినా ఒక్కటి మాత్రం తెలుసు. ఆనాడు చేతులు వెనక్కి తీసుకున్నవాళ్లు దానికి జైలుకు పోయారు, భూములు పోగొట్టుకున్నారు. ఈనాడు మన కమిటీ పోగొట్టుకున్నదేమిటి? ఇస్త్రీ బట్టలు.

మర్నాడు పొద్దున్నే మన కార్డు మీద క్యాను నింపి, వెనక సందులోంచి తీసుకుపోయి సత్తయ్య గడప ముందు పెట్టాను. సుచిత్ర తలుపు తీసింది.

"వద్దు మేడం, తీస్కపోండ్రి" అంది. "శామీర్‌పేట కాడ నీళ్ల బుడ్లు కొనుక్కొస్తున్నం. నీళ్లకు సావలే."

"కోపమా నా మీద?"

"కోపం గాదు. వెనక సందుల పడి ఎందుకొచ్చిండ్రు? నేనేమన్న దొంగసారా అమ్ముతున్ననా?" ఆమె గొంతు తగ్గించింది. "మా మామ నాలుగు రోజులైంది బజార్లకు పోక. నీళ్లు లేక గాదు. పోతె ఎవ్వలు పలకరిస్తలేరని. అలవాటైన బజారు మేడం, పుట్టిన కాడికెల్లి అదే బజారు. సాయం జేసుడు మీకు చాతనైతది, సదువుకున్నోళ్లు. పలకరించుడు చాతనైతదా? పగటి పూట, అందరు సూడంగ?"

క్యాను మోసుకుని అదే సందులో వెనక్కి వచ్చాను. మీ నాయినతో చెబితే, "మనకెందుకు, అన్న తోటి" అన్నారు. ఆయన మంచివారే, నీకు తెలుసు. ఆ మంచితనం మీద నాకు మొదటిసారి కోపమొచ్చింది.

సోమవారం పొద్దున కాలేజీకి పోతూ బస్టాపు దగ్గర స్కూటీ ఆపాను. కిరాణా కొట్టు ముందు మనవాళ్లే పదిమంది ఉన్నారు. మేకలు తోలుకుని శివమ్మ పోతోంది. గండయ్య ఆటోలో కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు. సుచిత్ర నెత్తి మీద మూట పెట్టుకుని నడిచొస్తోంది. ఏం మాట్లాడాలో ముందు రోజంతా ఆలోచించాను. న్యాయం గురించి రెండు మాటలు కూడా కూర్చుకున్నాను. తీరా ఆమె ఎదురయ్యేసరికి అవన్నీ పోయాయి. నోట్లోంచి వచ్చింది ఒక్కటే.

"ఏం కూర సుచిత్రా?"

గట్టిగానే వచ్చింది. ఆమె ఆగింది. మూట సర్దుకుంది. "బీరకాయ మేడం. మీరేం జేసిండ్రు?"

"పప్పే. టైము లేక."

"బీరకాయల ఇంత పాలు పొయ్యుండ్రి మేడం, మస్తుంటది" అని నడిచిపోయింది. అంతే. గండయ్య నోట్లో బ్రష్షు అట్లాగే ఉండిపోయింది. నేను తాళంచెవి తిప్పడం మరిచి స్కూటీకి కిక్కు కొడుతూనే ఉన్నాను. నవ్వుకో. సముద్రం ఒడ్డున ఉప్పు వండినవాళ్ల గురించి ఏటేటా పాఠం చెప్పేదాన్ని, ఒక బీరకాయ కూరకు వణికాను.

సాయంత్రానికి మనకు దండుగ వేశారు. కమిటీ ఆఫీసుకు వచ్చి కట్టి, మైకులో తప్పు ఒప్పుకోవాలట. మీ నాయిన అప్పుడే చొక్కా తొడుక్కుంటున్నారు, నేను కట్టొస్తా, అయిపోతుంది అని. గడపకు అడ్డం నిలబడ్డాను. "కడితే తప్పు చేసినట్టే. నేను ఏం కూర అని అడిగాను. అది తప్పని మీరు నమ్ముతున్నారా?" అన్నాను. ఆయన చొక్కా విప్పి మేకుకు తగిలించారు. అప్పటి నుంచి ఆయన మాట తగ్గింది. మర్నాడు గండయ్య మైకులో మన ఇంటి పేరు కూడా చదివాడు. పాలవాడు రావడం లేదు. మన కార్డుకూ ఎర్ర లైటే.

అయితే ఒకటి విను. బుధవారం శివమ్మ మేకల్ని తోలుకొచ్చి మన గేటు ముందు నిలబెట్టింది. నావైపు చూడలేదు. మేక చెవి పట్టుకుని, "ఏమే, గోడ మీద పాలచెంబు పెట్టిన. పిల్లి ముట్టకముందె తీస్కొమ్మని జెప్పు మీ మేడానికి" అంది. అక్కడి నుంచి సత్తయ్య ఇంటి ముందుకు పోయి, "ఏమే, సత్తెన్న మోకాళ్లు ఎట్లున్నయో అడుగు. ఆముదం రాయమను" అని అదే మేకతో అరిచింది. ముసలాయన లోపలి నుంచి, "జర నయమే అని జెప్పవే మేకా" అన్నాడట. ఇప్పుడు ఊళ్లో సగం మంది కుక్కలతో, కరెంటు స్తంభాలతో మాట్లాడుతున్నారు. కిరాణా ఆయన తన తక్కెడతో చెబుతున్నాడు, ఉప్పు పాకెట్టు అరుగు మీద మరిచిపోయానని. నిన్న గండయ్య మైకులో ఏమన్నాడో తెలుసా? "మేకలతోని మాట్లాడుడు గూడ బంద్." ఊరు ఊరంతా పడి పడి నవ్వింది. వాడే చదవలేక మధ్యలో ఆపేశాడు.

నవ్వు వచ్చిందని బంద్ పోయిందనుకోకు. ఎదురుగా ముఖం చూసి మాట్లాడే ధైర్యం ఇంకా ఎవరికీ రాలేదు. సత్తయ్య ఇంకా బజారుకు రాలేదు.

ఇక అసలు సంగతి. ఇంతసేపూ రాయకుండా పక్కకు పెట్టుకుంటూ వచ్చాను.

నిన్న మీ పెద్దనాయిన వచ్చాడు. బంద్ కాబట్టి లోపలికి రాలేదు, గేటు బయట నిలబడ్డాడు. సొంత తమ్ముడి గేటు బయట. నువ్వు సెలవు మీద వచ్చే రోజు నీకు పెద్ద స్వాగతం పెట్టాలని ఆయన కోరిక. అలియాబాద్ చౌరస్తా నుంచి ఓపెన్ జీపు, దండలు, బ్యాండు. "మన ఊరికెల్లి నేవీల ఆఫీసరు కాబోయేది మనోడొక్కడే అమ్మా. నా కొడుకు పెండ్లి కన్న ఘనంగ జేస్త. నువ్వు ఒక్కసారి మైకుల తప్పైందను. నీ ఇంటి బంద్ ఈ నిమిషంల తీస్త" అన్నాడు. కళ్లలో నీళ్లున్నాయి. అది నటన కాదు. బెంగళూరు ఇంటర్వ్యూకు నిన్ను కారులో తీసుకుపోయింది, నువ్వు సెలెక్టయ్యావని ఊరంతా మిఠాయి పంచింది ఆయనే. ఆయన నిన్ను ప్రేమిస్తాడు. సత్తయ్యకు నీళ్లు ఆపిందీ ఆయనే. ఈ రెండూ ఒకే మనిషిలో ఎట్లా ఇముడుతాయో నాకు చదువు నేర్పలేదు.

"సత్తయ్య ఇంటి బంద్?" అని అడిగాను.

"అది వేరే ముచ్చట."

అప్పుడు అనేశాను. "అట్లయితే నా కొడుకు జీపెక్కడు బావా. బస్సు దిగి నడిచే వస్తాడు. వచ్చేటప్పుడు సత్తయ్య ఇంటి ముందు ఆగి పలకరించి మరీ వస్తాడు" అన్నాను. ఆయన కండువాతో కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు.

అన్వేష్, నిన్ను అడగకుండా నీ మాట ఇచ్చేశాను. ఇచ్చేటప్పుడు గర్వంగానే అనిపించింది. తరవాత మొదలైంది. ఊరందరి తరఫున పదిమంది కూర్చుని ఎవరు ఎవరితో మాట్లాడాలో తేల్చారని కదా నా కోపం? నీ తరఫున నేనొక్కదాన్నే గేటు దగ్గర నిలబడి తేల్చాను. తేడా ఏముంది? అమ్మను కాబట్టి హక్కుందనుకుంటే, ఆయన పెద్దనాయిన కాబట్టి ఆయనకూ ఉంది. సుచిత్ర వైపు నిలబడ్డం తప్పు కాదన్నదాంట్లో మాత్రం అనుమానం లేదు. నా అనుమానాల్లో అదొక్కటే లేదు.

ఎల్లుండి ఆదివారానికి ఈ ఉత్తరం నీకు అందదు. అందాక వచ్చే ఆదివారం నీ ఫోను మాకు చెయ్యకు, మీ పెద్దనాయినకు చెయ్యి. ఆయన కూడా నీ ఫోను కోసమే చూస్తుంటాడు. జీపెక్కుతానంటావో, నడిచొస్తానంటావో, అది నువ్వే ఆయనకు చెప్పు. మా అమ్మ చెప్పమంది అని మాత్రం అనొద్దు. నువ్వు జీపే ఎక్కుతానంటే నాకు బాధ కలుగుతుంది, దాచను. అయినా నువ్వు దిగేది ఈ గడప ముందే, నేను తలుపు తీస్తాను. మైకులో మాత్రం తప్పైందని నేను చెప్పను.

ఇట్లు,
నిన్ను అడగకుండా నీ మాట ఇచ్చి, ఇప్పుడు నీకే వదిలేస్తున్న
మీ అమ్మ.